ఆ గడిలో అక్షరం పడలేదు

దయ్యం, గాలి, ధూళి అని ఎవరన్నా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. మా బోరబండ గల్లీలో దిష్టి తీయమని ఎవరూ నా దగ్గరకు రారు. దవాఖానకు పొమ్మని తిడతానని వాళ్ళకు తెలుసు. అలాంటి నేను కూర్చుని ఇది రాస్తున్నాను.

నలభై ఎనిమిదో ఏట, బస్తీలో సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. అంత ఆలస్యంగా నేర్చుకున్న మనిషికి తను రాసిన ప్రతి అక్షరం గుర్తుంటుంది. అందుకే పొరపాటు పడ్డానని నన్ను ఎవరూ అనలేరు.

మా కోడలు కవిత మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తుంది. మూడుసార్లు కడుపు నిలిచింది, మూడుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. చివరికి ఒక డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి సంగతి తేల్చింది. జబ్బులతో పోట్లాడాల్సిన శక్తి కవిత ఒంట్లో అదుపు తప్పి, సొంత ఒంటి మీదికే తిరగబడుతోందట. దాంతో కడుపులో బిడ్డను అంటిపెట్టుకుని ఉండే మాయలో రక్తం గడ్డకట్టి బిడ్డకు అందడం లేదట. నాలుగోసారి కడుపు నిలవగానే రోజుకో చిన్న మాత్ర, పొట్ట మీద ఒక సూది మొదలుపెట్టారు. రెండూ గడ్డ కట్టకుండా ఉండటానికే.

సూది వేయడం నాకు నేర్పారు. మా వాడు నెత్తురు చూస్తే కళ్ళు తిరిగి పడతాడు. కవితకు చేతులు వణుకుతాయి. పొద్దున ఆఫీసు క్యాబ్ వచ్చేలోపు ఆమె పడుకుని కళ్ళు గట్టిగా మూసుకునేది. నేను పొట్ట మీద చర్మం మడిచి పట్టి సూది వేసేదాన్ని. తరువాత గోడ క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో 'వేశాను' అని రాసేదాన్ని.

మూడో నెల వచ్చింది. పొట్ట మీద ఎక్కడ చూసినా నీలం మచ్చలే. నాకు భయం పట్టుకుంది. నెత్తురు పోయే కదా ముగ్గురు బిడ్డలు పోయారు, మళ్ళీ నెత్తురు పల్చన చేసే మందేంటి? డాక్టరమ్మను అడగాలి. అడగలేదు. ఇక సూది వద్దని నాకు నేనే తీర్మానం చేసుకున్నాను. తప్పు నాదే, దాచను.

ఆ పొద్దున కవిత కళ్ళు మూసుకోగానే గోటితో గిచ్చాను.

"అయిందా అత్తమ్మా?"

"అయింది. లే, నీ క్యాబొచ్చింది."

ఆమె వెళ్ళాక, మా వాడు చూస్తే అడుగుతాడని, క్యాలెండర్ దగ్గరకు పోయి 'వేశాను' అని రాశాను. అక్షరం పడలేదు.

పెన్ను విదిలించి అరచేతి మీద గీశాను. నీలం గీత పడింది. నిన్నటి గడిలో చుక్క పెట్టాను, పడింది. ఆ గడిలో మళ్ళీ ఒత్తి రాశాను. కాగితం గుంటలు పడింది కానీ సిరా లేదు. కొంగుతో తుడిచి, నిన్నటి గడి నుంచి రేపటి గడి దాకా ఒకటే అడ్డగీత లాగాను. ఆ గడి అంచున ఆగిపోయింది. అవతలి అంచున మళ్ళీ మొదలైంది.

పట్టపగలు, ఫ్యాను తిరుగుతోంది, పక్కింట్లో కుక్కర్ కూత వేస్తోంది. వేయని సూదికి ఆ గడి ఒప్పుకోవడం లేదు.

సూది పెట్టెను సంచిలో వేసుకుని ఉరికాను. కవిత ఫోను ఎత్తలేదు. ఆటోవాణ్ణి దారంతా తిట్టాను. ఆ అద్దాల మేడ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఆపాడు.

"అమ్మా, కార్డేది?"

"కార్డు లేదు. మా కోడల్ని పిలువు."

"ఏం పనో చెప్పాలె గదమ్మా. గట్లెట్ల పంపుత?"

మాలో అయిదో నెల దాకా కడుపు సంగతి బయట చెప్పరు. కవిత ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, నేనూ గల్లీలో చెప్పలేదు. ఆ గేటు దగ్గర, మెడలో కార్డులు వేసుకున్న పిల్లలందరి ముందు అరిచాను. "మా కోడలికి మూడో నెలయ్యా! గీ సూది పడకపోతే బిడ్డ దక్కదు! ఇగ పిలుస్తవా, నన్నే పైకెక్కమంటవా?"

ఆయన పరుగెత్తాడు. కవిత కిందికి వచ్చింది. ఆడవాళ్ళు విశ్రాంతి తీసుకునే గదిలో సూది వేసి, చేసిన పని చెప్పి ఏడ్చాను.

"గోరుకు, సూదికి ఫరక్ తెల్వదా అత్తమ్మా నాకు?" అంది కవిత. "నాకూ ఆ మచ్చలంటే భయమే. నువ్వే వద్దనుకున్నవంటే మంచిదే అనుకున్న. అందుకే సప్పుడు చెయ్యలే."

అంటే ఇద్దరమూ కలిసి ఆపేసేవాళ్ళమే! అక్కడి నుంచే డాక్టరమ్మకు ఫోన్ చేశాం. "సూది పడ్డచోట మచ్చలు మామూలేనండి. భయమేస్తే నన్నడగండి, మీ అంతట మీరు మాత్రం ఆపకండి" అని గట్టిగా చెప్పింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అదే పెన్నుతో అదే గడిలో రాశాను. మొదటి అక్షరం నుంచే నీలంగా పడింది.

సాయంత్రం మా వాడు చూసి నవ్వాడు. "నూనె అంటి ఉంటదమ్మా."

"మరి మధ్యాహ్నం ఎట్ల పడింది?"

"ఆరింది కావచ్చు."

"నూనె ఆరుతదారా, ఇంజనీరూ?"

వాడు క్యాలెండర్ దగ్గరకు పోయి ఆ గడిని వేలితో రుద్ది చూశాడు.

మూడో నెల దాటింది. ఏడు దాటింది. డాక్టరమ్మ చెప్పినన్నాళ్ళూ ఒక్క రోజు తప్పకుండా సూది వేశాను. ఆడపిల్ల పుట్టింది. దాని ఏడుపు వార్డు బయటికి వినపడింది. నేను వరండాలో చప్పట్లు కొట్టాను, నర్సులు నవ్వారు.

ఆ క్యాలెండర్ కాగితం నా దగ్గరే ఉంది. ఎండకు వాలుగా పట్టి చూస్తే సిరా కింద సిరా లేని 'వేశాను'లు ఇంకో రెండు కనిపిస్తాయి. రెండూ నా దస్తూరే. కవిత ఒంట్లో జరిగిందేమిటో డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది, నాకు అర్థమైంది. ఈ కాగితం ఎంతమందికి చూపించినా దీని సంగతేమిటో ఎవరూ చెప్పలేకపోయారు. చదవడం నేర్చుకున్నాను కానీ దీన్ని మాత్రం నేను ఇంకా చదవలేకపోతున్నాను.