తెరిచి ఉంచిన గేటు

నాచారంలో ఉండే రిటైర్డ్ రైల్వే గ్యాంగ్‌మన్ ఐలయ్య ఏటా దీపావళి సాయంత్రం గేటు పక్కన నీళ్ల బకెట్, ఇసుక డబ్బా పెట్టుకుని కూర్చుంటాడు. ఊరి బడిలో ఏడో తరగతే చదివినా, పొగమంచులో డ్రైవర్లకు హెచ్చరికగా, చక్రం ఎక్కితే పేలే పటాకులు పట్టాలకు కట్టి ఎన్ని రైళ్లను ఆపాడో వచ్చేపోయేవాళ్లకు చెబుతాడు. ఆ ధీమాతోనే నిరుడు, "రెండు మోతలింటే భయం అదే పోతది" అంటూ పెంపుడు కుక్క పండుని గేటుకు కట్టేసి పటాకుల లడీ ముట్టించాడు. రెండో మోతకే అది మెడ పట్టీలోంచి తల లాక్కుని ఉరికింది, మళ్లీ రాలేదు. ఈసారి ఒక్క పటాకీ కొనలేదు. లోపలి గదిలో కిటికీలు మూసి, టీవీ గట్టిగా పెట్టి, పండు దుప్పటి పరిచాడు.

"లేని కుక్కకు ఇవన్నీ ఏందయ్యా? గేటన్న మూయి," అంది భార్య సుగుణ.

"జర ఆగు. భయమైతే ఇంటికే ఉరికొస్తది గదా."

వీధిలో మోత మొదలైంది. ఒళ్లో ఖాళీ పట్టీతో, పట్టాల మీద ఏనాడూ బెదరని ఐలయ్య ఒక్కో మోతకు ఉలిక్కిపడుతూ గేటు వైపే చూస్తున్నాడు.