జతలో ఒక చిలక

జత చిలకల్లో ఒకదాన్ని మాత్రమే కొని, దాన్ని కూడా జత ధరలో సగం కంటే తక్కువకి తెచ్చిన మొనగాణ్ణి నేను. పలాసని ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో మా నాన్నది కిరాణా కొట్టు, నాది జీడిపప్పు కొట్టు. బేరమాడకుండా నేను కొన్నది సినిమా టిక్కెట్టొక్కటే. దెయ్యం ఉందని ఎవరైనా చెబితే ఎక్కడ, ఎన్నింటికి, చూసిందెవరు అని మూడు ప్రశ్నలు వేసి పంపించేసేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

మొన్న మే నెలలో బారువలో ఒక రిటైరైన గుమాస్తా చిలకల్ని ఇచ్చేస్తున్నాడని తెలిసి వెళ్ళాను. మన రామచిలకని ఇంట్లో పెంచితే కేసవుతుంది. ఇవి క్వేకర్ అనే విదేశీ రకం. పచ్చటి ఒళ్ళు, బూడిద రంగు రొమ్ము, నేర్పితే మనిషిలాగే మాట్లాడతాయి. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

జత పద్దెనిమిది వేలన్నాడు సత్యంగారు. ఎందుకు ఇచ్చేస్తున్నారని అడిగాను.

"ఇవి పాతికేళ్ళు బతుకుతాయి బాబూ. మేం బతుకుతామేటి అన్నాళ్ళు? ఒక మంచింటికి పంపించీసి మేం నిశ్చింతగా ఉందామని."

ఆయన భార్య సుభద్రమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను సగం తాగి ఇచ్చాను. మిగతా సగం ఆవిడ ఎత్తి గటగటా తాగేసింది. ఇది ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

నేను ఒక్కటే చాలన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "జంటని ఇడదీయకు బాబూ. బెంగెట్టుకుంటాయి."

మా నాన్న నేర్పిన విద్య ఒకటుంది. హెల్మెట్ తీసుకుని గేటు దాకా వెళ్ళాలి, బండి స్టార్ట్ చెయ్యాలి, కదలకూడదు. మనసులో పది లెక్కపెట్టాలి. ఏడు దగ్గర సత్యంగారు "ఆగు బాబూ" అన్నాడు. ఏడున్నర వేలకి తెగింది.

బయల్దేరేటప్పుడు ఆవిడ ఫోన్ నంబరడిగింది, ఎప్పుడైనా వచ్చి చూసుకుంటామని. నంబరిస్తే రేపు రెండోదాన్ని కూడా నాకే అంటగడతారేమో అనిపించింది. "నేనే వస్తుంటానమ్మా" అని తప్పించుకున్నాను. దారంతా నన్ను నేనే మెచ్చుకున్నాను.

నా భార్య పద్మ దానికి దొర అని పేరు పెట్టింది. పేరుకు తగ్గట్టే ఉండేది. నా భుజమెక్కి చెవి కొరికేది. బిల్లు పుస్తకం కనిపిస్తే చింపి పీలికలు చేసేది. వారంలో "రేటెంత?" నేర్చుకుని, ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ అడిగేది. అచ్చం నేనే అని పద్మ నవ్వేది.

పెంచడం మాత్రం తేలిక కాదు. ఉప్పు జీడిపప్పు పెట్టకూడదు. ఆపిల్ ముక్కలో గింజ ఉండకూడదు. నాన్‌స్టిక్ పెనం మాడితే ఆ పొగకి చచ్చిపోతుందట, పద్మ ఆ పెనం అటకెక్కించేసింది. గంటసేపు ఎవరూ పలకరించకపోతే తన ఈకలు తానే పీక్కుంటుంది. అందుకని పెళ్ళిళ్ళకి ఇద్దరం కలిసి వెళ్ళడం మానేశాం. భోజనాలకి నేను, కాపలాకి ఆవిడ.

దసరా వెళ్ళాక ఒక ఉదయం పదకొండు గంటలప్పుడు, వరండాలోంచి ముసలాయన గొంతు వినపడింది.

"సుబద్రా, సాలు. నీళ్ళు సాలు."

వరండాలో దొర తప్ప ఎవరూ లేరు. అది మళ్ళీ అంది. సత్యంగారి గొంతే, ఆ చివర కాస్త సాగదీయడంతో సహా.

పద్మ పుట్టిల్లు ఉద్దానం, ఇంటింటా కిడ్నీ జబ్బున్న ప్రాంతం. కిడ్నీ పాడైనవాళ్ళకి నీళ్ళు కొలిచి ఇస్తారని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. వాళ్ళ నాన్నకి ఆవిడే కొలిచి ఇచ్చేది. చేతిలో పని వదిలేసి వచ్చి నిలబడింది.

"ఆ సుబద్రమ్మకి కిడ్నీ జబ్బు ఒచ్చీసినాదండీ. ఓపాలి ఎల్లి సూసి రండి."

"పేరు అక్కడే విని ఉంటుంది" అన్నాను.

"పేరు యిన్నాది, సరే. నీళ్ళ మాట ఎక్కడ యిన్నాది?"

నేను విచారణ చేశాను. ఆ సమయానికి టీవీ ఆపేసి ఉంది. మా వీధిలో సుభద్ర అనే మనిషి లేదు, నీళ్ళు కొలుచుకు తాగేవాళ్ళూ లేరు. మే నెలలోనే విని ఉంటుందా అంటే, ఆ రోజు ఆవిడ అర చెంబు నీళ్ళు ఎత్తి తాగడం నా కళ్ళతో చూశాను.

అయినా నేను వెళ్ళలేదు. వెళితే రెండోదాన్ని కూడా తీసుకోమంటారు. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే బేరమాడడం బాగోదు. కాబట్టి వెళ్ళకపోవడమే లాభం. సరిగ్గా ఇలాగే ఆలోచించాను, ఒక్క ముక్క కూడా మార్చి రాయడం లేదు. చిలక రోజూ పదకొండుకి అదే మాట అనేది. పద్మ రోజూ అడిగేది. కొన్నాళ్ళకి పద్మ అడగడం మానేసింది. చిలక మానలేదు.

డిసెంబరులో ఒక గురువారం, అదే సమయానికి, అదే గొంతు. ఈసారి నెమ్మదిగా ఉంది.

"తాగు సుబద్రా. ఎంత కావాలో అంత తాగు."

ఒక్కసారే. పద్మ స్టవ్ ఆపేసి నేల మీద కూర్చుండిపోయింది. నేను బండి తీశాను.

నేను వెళ్ళేసరికి బారువలో వాళ్ళింటి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. ఎన్నింటికి పోయిందని పక్కింటాయన్ని అడిగాను. పదకొండు దాటాక అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, భయమూ వెయ్యలేదు. కొట్టు కట్టేశాక షట్టర్ ముందు ఊరికే నిలబడ్డట్టు కాసేపు నిలబడి వచ్చేశాను.

పన్నెండో రోజు దాటాక మళ్ళీ వెళ్ళాను. సత్యంగారు నేను అడక్కుండానే చెప్పాడు.

"దసరా ముందర కాళ్ళు పొంగినాయి. టెస్టులు సేయిత్తే కిడ్నీలన్నారు. అప్పట్నించి నీళ్ళ కాడే మా ఇద్దరికీ దెబ్బలాట. ఆకరికి డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. దాహం దాహం అన్నాది. ఇంకా కొలతెందుకని తాగు అన్నాను. రెండు గుక్కలు తాగినాది, అంతే."

అంతకుముందు ఎప్పుడైనా ఆవిణ్ణి నీళ్ళు చాలు అన్నారా అని అడిగాను.

ఆయన నా వంక వింతగా చూశాడు. "ఒంట్లో బాగున్న పెళ్ళాన్ని నీళ్ళు తాగొద్దని ఎవడంటాడు బాబూ?"

పంజరంలో రెండో చిలక మూలకి ఒదిగి ఉంది. రొమ్ము మీద ఈకల్లేవు. దీనికి మాటలేమైనా వచ్చా అన్నాను. మొదటిది వెళ్ళిన రోజు నుంచి నోరు విప్పలేదన్నాడు.

తర్వాత అన్నాడు, కోపంగా కాదు, మామూలుగానే. "మీరు తీసుకెళ్ళినదాన్ని ఓపాలి సూపించండని సుబద్ర అడిగినాది. మీ నంబరు నా కాడ నేదు. పలాసలో జీడిపప్పు కొట్టు అంటే ఎన్ని కొట్లని ఎతకను బాబూ?"

మా ఇంట్లో చిలక ఏమందో ఆయనకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

రెండోదాన్ని ఊరికే తీసుకుపొమ్మన్నాడు. నేను జేబులోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన లెక్కపెట్టలేదు.

ఇప్పుడు రెండూ మా వరండాలోనే ఉన్నాయి. దొర దాని మెడ దువ్వుతుంది. "రేటెంత?" అంటుంది. నీళ్ళ మాట మళ్ళీ అనలేదు. రెండోది ఏ మాటా అనదు. బారువలో ఆయన అన్నది ఇక్కడ ఈ పక్షి నోటికి ఎలా వచ్చిందో ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు తెగలేదు. నాకు తెలిసిన లెక్క ఇంతే.

మే నెలలో ఇచ్చింది ఏడున్నర వేలు. డిసెంబరులో బల్ల మీద పెట్టింది పదిన్నర వేలు. మొత్తం పద్దెనిమిది వేలు. ఆయన మొదట చెప్పిన ధర అదే.