నాగకన్య చెప్పిన మాట

చిన్నప్పుడు మా బందరులో ఎగ్జిబిషన్ దిగిందంటే నాకు రంగులరాట్నం అక్కర్లేదు, ఢిల్లీ అప్పడమూ అక్కర్లేదు... నాగకన్య ఒక్కతే కావాలి. తల ఆడపిల్లది, కింద ఒళ్ళంతా పాముది. "అమ్మ మాట విననందుకు పామైపోయిన అమ్మాయి! ఏదడిగినా నిజమే చెబుతుంది!" అని డేరా బయట ఒకాయన మైకులో అరిచేవాడు. మన ప్రశ్న ముందు ఆయనకి చెప్పుకోవాలి. ఆయన తెర వెనక్కి వెళ్ళొచ్చి, అప్పుడు మనల్ని లోపలికి పంపేవాడు. ఎందుకు వెళ్ళొస్తున్నాడో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఐదో తరగతిలో ఉండగా నా వెండి పట్టీ ఒకటి పోయింది. కావిడిపెట్టె వెనక, బియ్యం డబ్బాలో... ఇల్లంతా వెతికాం. అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. సరిగ్గా ఆ వారంలోనే ఎగ్జిబిషన్ వచ్చింది. నాకన్నా నాలుగేళ్ళు పెద్దదైన మా అక్క "నాగకన్యని అడుగుదాం పదవే" అంది. నన్ను వరసలో నిలబెట్టి, నా ప్రశ్న తనే వెళ్ళి ఆయనకి చెప్పొచ్చింది.

లోపల గుడ్డి బల్బు వెలుగులో ఆ పాము అమ్మాయి నా కళ్ళలోకి చూసింది. "బడిలో నీ పక్కన కూర్చునే పిల్లే తీసింది."

నా పక్కన కూర్చునేది నాంచారు. గిలకలదిండి నుంచి వచ్చేది, వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. నాకు అదంటే ప్రాణం.

మర్నాడు క్లాసులో అందరి ముందూ "నా పట్టీ నువ్వే తీశావు" అనేశాను. నీకెలా తెలుసని మాస్టారు అడిగితే, "తెలుసండీ" అన్నాను, అంతే. ఆయన నాంచారు సంచీ బోర్లించారు. రెండు పుస్తకాలు, ఒక కాగితం పొట్లం పడ్డాయి. పొట్లంలో వేయించిన ఎండు రొయ్యలు. అవి నాకోసం తెచ్చినవి... మా ఇంట్లో నీచు ముట్టుకోరు, నేను బెంచీ కింద దొంగచాటుగా తినేదాన్ని. ఆ ఒక్క ముక్క నాంచారు చెప్పి ఉంటే ఇంట్లో నా పని అయిపోయేది. చెప్పలేదు. కింద పడ్డ రొయ్యలన్నీ ఏరుకుని సంచీలో వేసుకుంది. ఆ తర్వాత మళ్ళీ బడికి రాలేదు.

దొంగతనం బయటపడింది కాబట్టే రాలేదనుకున్నాను.

మొన్న ఆదివారం సాయంత్రం మా వీధి చివర ఖాళీ స్థలంలో చిన్న ఎగ్జిబిషన్ పెట్టారు. ఒక రంగులరాట్నం, నాలుగు గాజుల కొట్లు, ఆ మూల... నాగకన్య డేరా! ఇంకా ఉందా అని పొంగిపోయాను. గుడివాడ నుంచి అక్కా, దాని మనవరాలు హాసినీ వచ్చి ఉన్నారు. పిల్లకన్నా ముందు నేనే పరిగెత్తాను. లోపల నాగకన్య హాసినిని చూసి, "ఫోను పక్కన పెట్టి అన్నం తిను" అంది. డేరాలో అందరూ గొల్లుమన్నారు, నాతో సహా. హాసిని ఒక్కతే నవ్వలేదు.

"అమ్మమ్మా, నువ్వే కదా ఆ అంకుల్ చెవిలో చెప్పావు. నేను చూశాను."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

"అక్కా... అప్పుడు కూడానా?"

అక్క ఇంకా నవ్వుతూనే ఉంది. "ఓసినీ, అదింకా గుర్తుందా నీకు? నీ పట్టీలు నేనే పెట్టుకెళ్ళానే. కాలవ రేవులో ఒకటి జారిపోయింది. అమ్మ చంపేస్తుందని భయమేసి ఆ డేరా ఆయనకి అలా చెప్పాను. చిన్నపిల్లలం కదే!"

అప్పుడు చిన్నపిల్లలం, సరే... మరి తర్వాత? "ప్రాణస్నేహితురాలే నా పట్టీ కొట్టేసింది, ఎవర్నీ నమ్మకండి" అని నా పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో! పక్కనే కూర్చుని తలూపింది మహాతల్లి. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ రాత్రి దానికి అన్నం వడ్డించాను గానీ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే గిలకలదిండి వెళ్ళాను. చేపల వేలం దగ్గర పేరు చెప్పి అడిగితే చూపించారు. నాంచారు ఐసు పెట్టెల పక్కన నిలబడి బుట్టలు ఎత్తిస్తోంది. నేనెవరో చెప్పగానే కొంగుతో చేతులు తుడుచుకుని "బాగున్నారా అండీ" అంది. అండీ! నన్ను "ఒసే" అని తప్ప పిలిచి ఎరగని మనిషి.

పాము అమ్మాయి సంగతీ, అక్క సంగతీ అంతా చెప్పాను. నువ్వు తియ్యలేదని నాకు నిన్ననే తెలిసింది నాంచారూ, అన్నాను. నా మాటలు నాకే సిగ్గుగా వినిపించాయి.

తను కొంగు నడుముకి దోపుకుంది.

"నిన్న తెలవడమేంటండీ... నేను తియ్యలేదని మీకప్పుడే తెలుసనుకున్నాను. తెలిసీ అన్నారనుకున్నానండీ, ఇన్నాళ్ళూ."

అంతలో ఎవరో కేకేస్తే "ఉంటానండీ, వేలం మొదలైపోద్ది" అని వెళ్ళిపోయింది.

ఇప్పటి పిల్లలు ఏదీ నమ్మరని మనం తెగ బాధపడిపోతుంటాం... నమ్మకపోతేనే నయమేమో. హాసినిలా నేనూ ఆ రోజు ఒక్కసారి తల తిప్పి అక్క వంక చూసి ఉంటే, నాంచారు నన్ను ఇవాళ కూడా "ఒసే" అనేది.

ఎవరి మాటో పట్టుకుని మీరూ ఇలా ఎవర్నైనా పోగొట్టుకుని ఉంటే కింద రాయండి. కానీ ముందు ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి రండి... నాలాగా ఇంత ఆలస్యం చెయ్యకండి.