ఢిల్లీకి విమానంలో రెండుంపావు గంటలు, ఆదోని నుంచి పదిన్నర

ఢిల్లీలో ఉండే మా చెల్లెలు సరోజకు బుధవారం సాయంత్రం ఐదింటికి మోకాలి ఆపరేషన్. "అక్క మొగం చూడంది లోపలికి పోను" అని డాక్టరుతోనే చెప్పిందట. అరవై ఆరేళ్ల మనిషి! చిన్నప్పుడూ సూది అంటే నా వెనకే దాక్కునేది.

హైదరాబాదు నుంచి ఢిల్లీ ఆకాశమార్గాన సుమారు పన్నెండు వందల యాభై కిలోమీటర్లు, విమానంలో రెండుంపావు గంటలు. లెక్కల టీచరుగా రిటైరైన నేను ఆ అంకె చూసి మురిసిపోయాను. టికెట్టు ఆరువేల రెండొందలు. ఆదోని నుంచి శంషాబాదుకు కారు ఏడున్నరవేలు, అయిదారు గంటలు.

బుధవారం ఉత్తరానికి వారశూల, అటు ప్రయాణం మంచిది కాదంటారు. నాకంత పట్టింపు లేదు కానీ మోకాలు చెల్లెలిది. ఇలాంటప్పుడు ప్రస్థానం పెడతాం. మంచిరోజున మన సంచి ఒకటి దారిలో ఎవరింట్లోనైనా ఉంచితే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. సోమవారమే నా సంచిని ఎమ్మిగనూరులో ఉండే, నాతోపాటు ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన ముంతాజ్ ఇంటికి పంపాను. అందులో ఒక చీర, పసుపు బియ్యం, నా ఆధార్ కార్డు. ఎవరి ప్రయాణమో దేవుడికి తెలియాలి కదా!

బుధవారం ఆరింటికి బయలుదేరి ముప్పావుగంటలో ఎమ్మిగనూరు చేరాను. ముంతాజ్ టీ గ్లాసుతో గుమ్మంలోనే ఉంది.

"సంచి యాడ మే?"

"కర్నూలుకు పోయింది."

"ఎవరు పొమ్మన్నారు?"

"ప్రయాణం మొదలైందని నువ్వే అంటివి కదా మే. మొదలైంది నా ఇంట్లో కూసోనుంటే ఎట్ల? నిన్న మా తమ్ముడు పోతాంటే ఇచ్చి పంపినా. బస్టాండు కాడ వానిది చెప్పులంగడి."

తిడదామంటే ఆమె లెక్కలో తప్పు దొరకలేదు.

"అవ్వా, నీకంటే నీ సంచికే తొందరెక్కువుంది" అన్నాడు డ్రైవరు ఖాసిం.

"నువ్వు రోడ్డు సూడప్పా."

ఎనిమిదింపావుకు కర్నూలు చేరితే అంగడి మూసి ఉంది. తమ్ముడు ఫోను ఎత్తడు. ఖాసిం ఉగ్గాని, బజ్జీ తెచ్చిస్తే పొట్లం ఒళ్లో పెట్టుకుని మళ్లీ ఫోను చేశాను. కార్డు లేకుంటే విమానం లేదు. నేను లేకుంటే సరోజ ఆ థియేటరు తలుపు దాటదు.

తొమ్మిదింపావుకు వచ్చాడు తమ్ముడు. "గల్లాపెట్టె మీదే పెట్టినానక్కా, నేల తగలగూడదని మా అక్క సెప్పినాది" అంటూ సంచిని రెండు చేతులతో ఇచ్చాడు.

శంషాబాదు పన్నెండున్నరకు. బోర్డింగు పాసు ముందే ఫోనులో ఉంది, సామానంతా చేతిలోనే, అందుకే బతికిపోయాను. ఒకటీ ఇరవై విమానానికి చివరగా ఎక్కిన మనిషిని నేనే.

నాలుగున్నరకు ఆసుపత్రి. పచ్చగౌనులో మంచం మీద కూర్చుని ఉంది సరోజ. "ఇంతసేపా అక్కా? విమానం రెండు గంటలే కదా?"

"విమానం రెండు గంటలే. మధ్యలో ముంతాజ్ ఉందిలే."

కథ చెబుతూ సంచి విప్పాను. చీర కింద నేను పెట్టనిది ఒకటుంది: కొత్త మెత్తటి చెప్పుల జత. 'సరోజకు, నడిచేటప్పుడు' అని చీటీ మీద ముంతాజ్ చేతిరాత. సరోజ వాటిని చాలాసేపు తిప్పి చూసింది. "ఇవి తొడుక్కోవాలంటే లోపలికి పోక తప్పదు" అని, నర్సును తనే పిలిచింది.

రెండు ఊళ్ల మధ్య దూరం ఎంతో చెప్పే అంకెలు ఫోనులో దొరుకుతాయి. దారిలో మన సంచిని నేల తగలకుండా చూసుకునే మనుషులు వాటిలో కనబడరు. విమానం లెక్క మీ గడప నుంచి వేసుకోండి. ప్రస్థానం పెట్టాలనుకుంటే తప్పక పెట్టండి, ఆధార్ మాత్రం మీ చేతిసంచిలోనే ఉంచుకోండి. దేవుడు అడగడు, విమానాశ్రయం గేటు దగ్గర అడుగుతారు.