చూసిందే రాయమన్న మావయ్య

మంగళవారం అచ్యుతాపురంలో షిఫ్ట్ దిగి కంపెనీ బస్సు ఎక్కబోతుంటే అమ్మ ఫోన్ చేసి, మా పక్కింటి మావయ్య పోయారని చెప్పింది. అన్నం తిని కుర్చీలో కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆదివారం దాకా ఆగలేకపోయారా?

ఏ సినిమా ఏ ఓటీటీలో ఉందో ఒక్కచోట చూపించే వెబ్ యాప్ చేస్తున్నాను. ఆదివారం దాన్ని కాలనీ అందరికీ ఇస్తామని మావయ్యే మాట ఇచ్చేశారు. నేను చదివింది ఇంటర్. కోడింగ్ ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేదానికి ఇవన్నీ ఎందుకని అననిది ఆయనొక్కరే. స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యాక రోజూ టీవీలో సినిమా పేరు రిమోట్‌తో ఒక్కో అక్షరం కొడుతూ, "సినిమా కన్నా ఎతుకులాటే పెద్దదైపోతన్నాదే అమ్మాయ్" అనేవారు. యాప్ పుట్టింది ఆ మాటలోంచే.

మొదటి జాబితా ఏదో వెబ్‌సైట్ నుంచి దించేశాను. ఆయన ఒక పాత సినిమా నొక్కారు. ఉందని చూపించిన చోట అది లేదు. ఎప్పుడో తీసేశారు.

"నువ్వు సూసినావా?"

"నేదు మావయ్యా, ఆ సైట్లో ఉన్నాది."

"సూడకుండా రాసీసినావన్నమాట. మా ప్లాంట్లో ఒకడు ఇలాగే, మీటర్ దగ్గరికెళ్లకుండా ముందు షిఫ్టోడి రీడింగే లాగ్‌బుక్కులో ఎక్కించీసీవోడు. ఆడికన్నా నువ్వేటి గొప్ప?"

ఒళ్లు మండింది. "రెండొందల సినిమాలు! మీరు సూత్తారేటి?"

"సూత్తాను. నాకేటి పనుంది?"

మర్నాటికల్లా ఒక నోట్‌బుక్ మొత్తానికి స్కేలుతో గీతలు కొట్టారు. సినిమా, ఎక్కడ, ఉందా లేదా, చూసిన తేదీ, టైము, చివర పొట్టి సంతకం. నేను షిఫ్ట్ నుంచి రాగానే గోడ మీంచి అందించి, ప్లాంట్లో షిఫ్ట్ అప్పగించినట్టు, "ఛార్జ్ తీసుకో" అనేవారు. అనుమానంగా ఉన్నవాటి సంగతి అడిగితే ఒకటే జవాబు: "సూడనిది సూడనేదని రాయి. సిగ్గేటి?"

అంత్యక్రియలయ్యాక అందరూ యాప్ వచ్చే నెల చూసుకోమన్నారు. నేను ఒప్పుకోలేదు. నోట్‌బుక్ కోసం వెళ్తే అత్త టీవీ కూడా పెట్టింది. "సావింట్లో సినిమాలేటే?" అంది వాళ్ల ఆడపడుచు.

"సినిమా కాదొదినా. ఆయన పని సేత్తన్నాది," అంది అత్త. తర్వాత నా వైపు తిరిగి, "రీడింగు సూడకుండా రాసినోడని సెప్పేవోరు కదా, అది ఈయనే. అందుకిచ్చిన మెమో కాయితం ఇంకా బీరువాలో ఉన్నాది" అంది.

మూడు రోజులు షిఫ్ట్ దిగి నేరుగా ఆ టీవీ ముందే కూర్చున్నాను. శనివారానికి ఇంకా పదకొండు మిగిలాయి. వాటి పక్కన 'ఇంకా చూడలేదు' అని పెట్టి, ఆదివారం యాప్ ఇచ్చేశాను. "ఇదేటి, సగం పనా?" అని ఒకాయన నవ్వాడు. "కాదు, నిజం" అన్నాను.

ఆ పదకొండూ ఈ వారం పూర్తి చేశాను. నోట్‌బుక్‌లో ఆయన చేత్తో రాసిన చివరి వరుసలో సినిమా పేరు ఉంది, మిగతా గళ్లు ఖాళీ. పదకొండింటిలో ఆఖరికి అట్టేపెట్టింది అదే. నేనే చూసి, 'ఉంది' అని రాసి, తేదీ, టైము వేసి, సంతకం పెట్టాను. దాని కింద నా వరుసలు, వాటి తర్వాత ఆయన కొట్టి పెట్టిన ఖాళీ గీతలు, పేజీ తర్వాత పేజీ, అట్ట దాకా ఉన్నాయి.