బీరపాదు మేసిన స్టేట్ రోడ్డు

నేను చదివింది ఐదో తరగతి వరకే. ఒత్తులూ దీర్ఘాలూ దారిలో జారిపోతుంటాయి, ఏరుకుని చదువుకోండి. ఇంతవరకూ ఉత్తరం ముక్క తప్ప ఏమీ రాయలేదు. అయినా అమెరికాలో ఒక స్టేట్ గవర్నమెంటు వేస్తున్న రోడ్డుని ఒంటిచేత్తో పీకేసిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. చెప్పకపోతే ఎలా?

ఎనభైల మొదట్లో మాట. నార్త్ కెరొలైనాలో, క్యారీలో ఉండేవాళ్ళం. మా ఆయన స్టేట్ రోడ్ల ఆఫీసులో వంతెనల బొమ్మలు గీసేవారు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆఫీసరు తుమ్మితే మా ఇంట్లో జలుబు చేసే రోజులు.

మా సోఫా రోడ్డు పక్కన దొరికిందే. టేబులూ అంతే. "ఈ దేశంలో అక్కర్లేనివి రోడ్డు పక్కన పెడతారే, కావలసినవాళ్ళు తెచ్చుకోవచ్చు" అని మా ఆయనే నేర్పారు. చదువు వంటబట్టలేదు గానీ ఈ పాఠం మాత్రం బాగా పట్టింది. అదే కొంప ముంచింది.

ఆ వేసవిలో పెరట్లో బీరపాదు పెట్టాను. తీగ ఎగబాకుతోంది, పందిరికి కర్రల్లేవు. ఒకరోజు పొద్దున తలుపు తీసి చూద్దును కదా, రోడ్డు పొడవునా నున్నటి చెక్కపుల్లలు, నడుమెత్తువి, వరసగా నిలబడి ఉన్నాయి! ఒక్కోదాని తలకీ నారింజ రంగు రిబ్బను, బడికెళ్ళే పిల్లకి జడేసినట్టు. ఏదో ఊరేగింపు అయ్యాక వదిలేసి పోయారనుకున్నాను. కొంగు దోపి మా ఇంటి ముందువన్నీ పీకాను. పక్కింటి డోరతీ గారి ముందువీ పీకాను. పెద్దావిడ, వంగలేదు పాపం, శుభ్రం చేసి పెట్టిన పుణ్యం వస్తుందని!

పుల్లలు రెండేసి కలిపి కట్టి వేసిన పందిరి మా పెళ్ళిపందిరి కన్నా బాగా కుదిరింది.

రెండ్రోజులకి మా ఆయన మొహం వేలాడేసుకుని వచ్చారు.

"మన రోడ్డు వెడల్పు చేస్తున్నారు. సర్వే వాళ్ళు పెట్టిన గుర్తులు ఎవరో పీకేశారట. ఆఫీసంతా అదే గోల."

"ఎవరండీ అంత పొగరుబోతు?" అన్నాను, ముక్కు మీద వేలేసుకుని.

"డోరతీ గారి పనేనంటున్నారు. రోడ్డు ఆవిడ చెట్ల మీంచి పోతుందని ఆఫీసు వాళ్ళ మీటింగ్‌లో పెద్ద గొడవ చేసిందట. రేపు పోలీసుల్ని తెస్తారేమో."

"అయ్యో! ఇంతకీ ఏం గుర్తులండీ?"

"చెక్కపుల్లలు. నారింజ రిబ్బన్లు కట్టి ఉంటాయి."

దొంగకి తేలు కుట్టినట్టు అంటారు. నా నెత్తిన తేళ్ళ బుట్టే బోర్లించినట్టయింది. పెరటి వైపు వేలు చూపించాను.

ఆయన వెళ్ళి చూశారు. రిబ్బన్లు కూడా విప్పలేదు నేను, అందంగా ఉన్నాయని.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! గవర్నమెంటు రోడ్డుని బీరపాదుకి కట్టావా!"

"రోడ్డు పక్కనవి తెచ్చుకోవచ్చని మీరేగా చెప్పారు!"

"సోఫాలు తెచ్చుకోమన్నానే! రోడ్డుని తెచ్చుకోమన్నానా!"

కంచే చేను మేసిందంటారు. మా ఇంట్లో పాదే హైవేని మేసింది.

ఆ పూట అన్నం సయించలేదు. ఈయన ఉద్యోగం ఒక పక్క. నేను చేసిన పనికి ఆ పెద్దావిడ ఇంటికి పోలీసులు రావడం ఇంకో పక్క. "నేనే ఒప్పుకుంటానండీ" అన్నాను. ఆయన "పద, నేనూ వస్తా" అన్నారు.

మర్నాడు సర్వే వాళ్ళ పెద్దాయన రోడ్డు మీదే దొరికాడు. తాటిచెట్టంత మనిషి. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి, "సర్, ఐ టేక్. ఆల్ స్టిక్స్. ఫర్ వెజిటబుల్" అని పెరట్లోకి తీసుకెళ్ళాను. ఆయన టోపీ తీశాడు. పందిరిని పైనుంచి కిందికి చూశాడు. నవ్వడం మొదలెట్టి, నవ్వలేక పందిరి గుంజే పట్టుకున్నాడు. ఆయన చెప్పింది మా ఆయన తెలుగులో చెప్పారు:

"అమ్మా, అసలు గుర్తు నేలలోకి దిగ్గొట్టిన గూటం. అది మీరు పీకలేరు, అక్కడే ఉంటుంది. అదెక్కడుందో మాకు కనబడ్డానికే ఈ పుల్లలు. వెతుక్కుని కొత్తవి పాతుకుంటాం."

"మరి ఈయన ఉద్యోగం?"

"పీకింది ఆయన కాదుగా! ఆయన వంతెనలు గీస్తాడట. అవి మాత్రం ఇంటికి తెచ్చుకోకండి."

అమ్మయ్య! రాత్రంతా బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలితే బీర పువ్వులు కూడా ఊగాయి.

అదే ఊపులో డోరతీ గారింటికి పరిగెత్తాం, ఇక భయం లేదు, పీకింది నేనేనని చెప్పడానికి. సంతోషిస్తుందనుకుంటే ఆవిడ మొహం మాడిపోయింది.

"నువ్వా హనీ? ఎంత పని చేశావు! నేనే అనుకుని నిన్నటి నుంచి ఫోను చేసి 'ప్లీజ్ మేడమ్' అంటున్నారు. ఒక గవర్నమెంటు నన్ను చూసి హడలడం నా జన్మలో ఇదే మొదలు. ఇంకో నాలుగు రోజులాగి చెప్పకూడదూ!"

ఆ క్షణమే ఆవిడ గుమ్మంలో నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. ఈ దేశంలో రోడ్డు పక్కన నిలువుగా ఉన్నది ఏదైనా సరే, చీపురుపుల్లైనా సరే, ముట్టుకోను గాక ముట్టుకోను.

తప్పులుంటే మన్నించండి. నాలాగా పీకెయ్యకుండా, ఎక్కడివక్కడ ఉండనివ్వండి.