కింద కలిపిన గొంతు

మా అక్కది ఓర్వలేని బుద్ధి. తమ్ముడివై ఉండి అంత మాటంటావా అని ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు, ఆమే ఒప్పుకుంటుంది. "అవును, నాకు కుళ్ళే. అయితే ఏంటి?" అంటుంది.

పొద్దున పూట పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుంటుంది. అందరి నోళ్ళూ తెరిపించేది పొద్దున, తన నోరు తెరిచేది మధ్యాహ్నం అని ఆమె జోకు. మధ్యాహ్నం నుంచి ట్రాకులు పాడుతుంది. పేరున్న గాయని వచ్చేలోపు పాట ఎలా ఉండాలో చూపించడానికి ముందుగా ఒకరు పాడిపెడతారు, దాన్నే ట్రాకు అంటారు. గాయని వచ్చి అది విని, నేర్చుకుని, తన గొంతుతో పాడి వెళ్ళిపోతుంది. ట్రాకు పాడిన గొంతు తీసేస్తారు. పద్దెనిమిదేళ్ళుగా అక్క పని ఇదే. ఏ పాట కిందా ఆమె పేరు ఒక్కసారి కూడా పడలేదు.

తీసేసేది ఎవరనుకున్నారు, నేనే. మా ఇంటి వెనక గదిలో, తలుపుకి పాత పరుపు కట్టి, బట్టల బీరువా ముందు మైకు పెట్టి, కంప్యూటర్ మీద పాటలు మిక్స్ చేస్తాను. పాడేటప్పుడు ఫ్యాన్ కట్టేస్తాం. అందుకని ఆ గదిలో అందరూ చెమటతోనే పాడతారు, ఎంత పేరున్నవాళ్ళైనా సరే.

అక్క పాడినచోట ఎక్కువసార్లు వచ్చి పాడింది ఒకే గాయని. అక్క ఆమెకి తేనెసీసా అని పేరు పెట్టింది, వెనకాలే లెండి. "నా సంగతులన్నీ మూటగట్టుకుపోయిందిరా. నేను ఎక్కడ సాగదీస్తే అక్కడ సాగదీసింది, ఎక్కడ ఆగితే అక్కడ ఆగింది. సొమ్మొకడిది, సోకొకడిది!" అని గిన్నెలు దబదబా పడేసేది. ఆ అమ్మాయి పాట ఇంట్లో మోగితే కూర మాడినట్టే.

ఈ మధ్య ఆమె పాడాల్సిన పాట ఒకటి వచ్చింది. నెమ్మదైన పాట, గొంతు తప్ప పెద్దగా వాద్యాలు లేవు. అలాంటి పాటలో గొంతు పల్చగా ఉంటే దాచుకోవడానికి చోటుండదు. కంప్రెసర్ పెట్టి గొంతులో హెచ్చుతగ్గుల్ని అణిచేస్తే బలం వస్తుంది గానీ ప్రాణం పోతుంది. దానికి ఒక ఉపాయం ఉంది, పారలల్ కంప్రెషన్ అంటారు. అసలు గొంతుని ముట్టుకోకుండా, దాని నుంచి ఒక పాయ చీల్చి వేరే ఛానెల్‌కి పంపిస్తాం. ఆ పాయని కంప్రెసర్‌తో పిండి పిప్పి చేసి, అసలు గొంతు కింద వినీ వినపడనంత కలుపుతాం. ఉన్నట్టు తెలియదు, తీసేస్తే మాత్రం తెలుస్తుంది.

గాయని రెండు రోజులు ఆలస్యంగా వస్తానంది. ఊరికే కూర్చోవడం ఎందుకని ఆ అమరికంతా అక్క ట్రాకు మీదే చేసి పెట్టుకున్నాను. తర్వాత గాయని వచ్చి పాడింది. నేను అక్క గొంతు ఫేడర్‌ని, అంటే శబ్దం పెంచి తగ్గించే మీటని, అడుగుకి దించేసి, మిక్స్ పూర్తి చేశాను.

గురువారం మధ్యాహ్నం గాయని వినడానికి వచ్చింది. విన్నంతసేపూ కదల్లేదు.

"అన్నా, ఇది నా గొంతేనా? ఇంత నిండుగా ఎప్పుడూ లేదు. ఇంక దేన్నీ ముట్టుకోకండి" అంది.

గుమ్మంలో టీ గ్లాసుతో అక్క నిలబడి ఉంది. కడుపులో మంట మొహంలోకి వచ్చేసింది. అంతలోనే తల పక్కకి వాల్చింది.

"ఒరేయ్, చరణం మళ్ళీ వెయ్యి."

వేశాను.

"ఆపు. అక్కడ ఊపిరి ఎవరిది?"

"ఎవరిదేంటక్కా, పాడినావిడదే."

"ఆవిడ అక్కడ ఊపిరి తీసుకోదు. ఆవిడది పెద్ద ఊపిరి. నాకే చాలదు."

పిండిన ఛానెల్ ఒక్కటే వినిపించాను. నలిగిపోయి, బిగుసుకుపోయి ఉన్నా, ఆ గొంతు అక్కదే. ఫేడర్ దించాను గానీ, పాయ చీల్చింది ఫేడర్‌కి పైన, అంటే ఫేడర్ దించినా ఆ పాయ ఆగదు. దాన్ని గాయని గొంతుకి మార్చడం మరిచిపోయాను. గాయని అక్కని అచ్చుగుద్దినట్టు పాడింది కాబట్టి రెండూ ఎక్కడా విడిపోలేదు.

గాయని మొహం పాలిపోయింది. "తీసేసి వినిపించండి" అంది. తీశాను, పాట పల్చబడింది. "నా గొంతునే అలా చేసి కలపండి" అంది. అదీ చేశాను. "బాగానే ఉంది" అంది, ఉప్పు లేని పప్పు తిన్నట్టు.

అప్పుడు అక్క మొహం చూశాను. సంతోషం. ఇన్నేళ్ళకి మొదటిసారి ఎదుటిమనిషి తనని చూసి కుళ్ళుకుంటోంది. అబద్ధం ఎందుకు, నాకూ సంతోషమే వేసింది.

"ఉండనివ్వండి అక్కా. ఎలాగూ వినపడదు కదా" అంది గాయని.

"వినపడకపోతే నీకెందుకు మరి?"

గాయని కళ్ళు తెర మీది ఆ ఛానెల్ మీదకి వెళ్ళాయి.

"ఉంచుకో. నేనేం కాదన్నానా? నీ పేరు పక్కన నా పేరు వేయించు" అంది అక్క.

"మీ పేరు వేయిస్తే నా గొంతు చాల్లేదంటారక్కా జనం" అంది గాయని. నిజమే చెప్పింది పాపం, ఆ మాట చెప్పడానికి కూడా ధైర్యం కావాలి.

అక్క టీ గ్లాసు నా టేబుల్ మీద పెట్టి, మౌస్ లాక్కుని, ఆ ఛానెల్‌ని అడుగుకి దించేసింది. "నా గొంతు నాకిచ్చెయ్" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పాట పంపేముందు నా చెయ్యి మళ్ళీ ఆ ఫేడర్ మీదకి వెళ్ళింది. కాస్త పైకి తోస్తే ఎవరికీ తెలియదు. అక్కకి తెలియకుండా ఆమె గొంతుని వాడేసుకోవడం అందరూ చేసిందే, నేనూ చెయ్యాలా అనిపించి వదిలేశాను.

పాట బాగానే జనంలోకి వెళ్ళింది. రేడియోలో వస్తోంది, బస్సుల్లో వస్తోంది. గాయనికి మంచి పేరొచ్చింది. అక్క కుళ్ళు వీసమెత్తు తగ్గలేదు.

ఇంట్లో ఆ పాట వస్తే "పల్చగా ఉంది" అంటుంది, గరిటె తిప్పుతూనే. కట్టెయ్యమని మాత్రం అనదు. చరణం వచ్చేసరికి దాని కింద మెల్లగా తనూ పాడుతుంది, ఆ ఊపిరి అక్కడే తీసుకుంటుంది. ఆ పాట నిండుగా ఉండేది మా వంటింట్లోనే.